ఉగ్రవాద చట్టాలకు కాపలా ఎక్కడ?

సంక్షిప్తంగా: ఉగ్రవాద నిరోధక చట్టాల మీద చర్చ వచ్చినప్పుడల్లా దేశభద్రతను, పౌరుడి స్వేచ్ఛను త్రాసులో చెరోవైపు పెట్టి తూచడం అలవాటైపోయింది. చట్టం నడిచే తీరు చూస్తే అసలు తేడా వచ్చేది మరోచోట. అరెస్టుకూ తీర్పుకూ మధ్య గడిచే కాలంలో పోలీసుల మాటను వేరొకరు పరిశీలిస్తారా, ఎప్పుడు, ఎంత లోతుగా అన్నదే కీలకం. ఈ పరిశీలన బలహీనపడితే పౌరుడికే కాదు, భద్రతకూ నష్టమేనని విశాఖ, దాని వెనుకనున్న మన్యం అనుభవం చెబుతోంది.

విశాఖపట్నంలో భద్రత అనే మాట పత్రికల్లో చదివి పక్కన పెట్టేది కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే. పౌర విమానాలు కూడా నేవీ రన్‌వే మీదే దిగుతూ వచ్చాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు చంపిన 26 మందిలో విశాఖవాసి కూడా ఉన్నారు. ఆ తర్వాతి నెలలో నగరంలో సైరన్లతో మాక్ డ్రిల్ జరిగింది. అదే నెలలో పొరుగునున్న విజయనగరంలో పేలుళ్లకు కుట్ర పన్నారన్న ఆరోపణపై అరెస్టులు జరిగాయి.

అదే నగరంలో, 2023 ఏప్రిల్‌లో, ప్రత్యేక కోర్టు వాకపల్లి కేసులో తీర్పు చెప్పింది. 2007 ఆగస్టులో కూంబింగ్‌కు వచ్చిన, మావోయిస్టుల ఏరివేతకు ఏర్పడ్డ గ్రేహౌండ్స్ దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు ఫిర్యాదు చేసిన కేసు అది. ఈ రెండు రకాల సంఘటనలనూ ఒకే చూపులో చూడగలిగితేనే విషయం అర్థమవుతుంది. "తప్పు చేయనివాడికి భయమెందుకు?" అనేవారు వాకపల్లిని మరచిపోతారు. "ఈ చట్టాలన్నీ అణచివేతకే" అనేవారు పహల్గాంను పక్కన పెడతారు.

"ఏజెన్సీ" అన్న మాట వెనుక

మామూలు చట్టం చాలదు, ప్రత్యేక చట్టం కావాలి అన్న వాదన ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. పాడేరు, చింతపల్లి వైపు వెళ్లేవారు ఇప్పటికీ "ఏజెన్సీకి వెళ్తున్నాం" అంటారు. ఆ మాట 1839 నాటి 24వ చట్టం వదిలిన గుర్తు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను ఆ చట్టం మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. అక్కడి పాలన, న్యాయం రెండూ గవర్నరుకు ఏజెంటుగా వ్యవహరించే కలెక్టరు చేతిలో పెట్టింది. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది.

అంటే అరెస్టు చేయించే అధికారీ, తీర్పు చెప్పే అధికారీ ఒక్కరే. అటవీ ఆంక్షల మీద, వెట్టి మీద ఫిర్యాదు చేయాలన్నా అదే గుమ్మం తొక్కాలి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసేనాటికి ఆ ఏర్పాటు ఎనభై ఏళ్లు దాటింది. రెండేళ్ల తర్వాత రాజును పట్టుకున్న పాలకులు కోర్టులో విచారించలేదు, కాల్చి చంపారు. ప్రత్యేక పాలన కింద ఉంచిన ప్రాంతం ప్రశాంతంగా ఉండలేదన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. మొర వినడానికి వేరే చోటు లేకపోవడం కూడా తిరుగుబాటుకు ఒక కారణమే.

గడువున్న చట్టాలు, గడువు లేని చట్టం

స్వతంత్ర భారతంలో ఈ కథ మూడు చట్టాల మీదుగా నడిచింది. పంజాబ్ ఉగ్రవాదం నేపథ్యంలో 1985లో ఉగ్రవాద, విచ్ఛిన్నకర కార్యకలాపాల నిరోధక చట్టం (టాడా) వచ్చింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లడం అందులో అత్యంత వివాదాస్పదమైన నిబంధన. ఆ చట్టం కింద 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడినవారు రెండు శాతం లోపే. 1995లో దాన్ని పొడిగించకుండా వదిలేశారు. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగాక 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం (పోటా) వచ్చింది, 2004లో రద్దయింది.

పోటా పోయిన ఏడాదే దానిలోని ప్రధాన నిబంధనలు కొన్ని 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలోకి (యూఏపీఏ) చేరాయి. 26/11 ముంబై దాడుల తర్వాత, 2008 డిసెంబరులో బెయిలు నిబంధనలు కఠినమయ్యాయి, జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) పుట్టింది. 2019 సవరణతో సంస్థలనే కాకుండా వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి వచ్చింది.

పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం చెల్లుతుందన్న నిబంధన యూఏపీఏలో లేదు. ఆ మేరకు అది టాడా, పోటాల కంటే మెరుగు. కానీ ఆ రెండింటికీ ఉన్న ఒక లక్షణం దీనికి లేదు. టాడాను రెండేళ్లకోసారి పార్లమెంటు పొడిగించాలి. పోటాకు మూడేళ్ల గడువు ఉండేది. గడువు ముగిసే సమయానికి ప్రభుత్వం సభ ముందు నిలబడి, ఎంతమందిని పట్టుకున్నాం, ఎంతమంది దోషులని తేలింది, ఇంకా ఎందుకు అవసరం అన్న లెక్క చెప్పక తప్పదు. టాడాకు తెర దించింది అలాంటి లెక్కే. యూఏపీఏ శాశ్వత చట్టం. ఎవరో ఒక సభ్యుడు ప్రశ్న వేస్తే తప్ప దాని లెక్క సభకు రాదు. ఈ మార్పు మీద జరగాల్సినంత చర్చ ఎన్నడూ జరగలేదు.

బెయిలు దగ్గర ఏం జరుగుతుంది?

మామూలు క్రిమినల్ కేసులో బెయిలు అడిగితే జడ్జి ప్రధానంగా మూడు సంగతులు చూస్తారు: నిందితుడు పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్లీ నేరం చేస్తాడా. పోలీసులు 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది.

యూఏపీఏలో ఈ లెక్క మారుతుంది. ముందస్తు బెయిలు లేదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదికతో కోర్టు అనుమతిస్తే ఛార్జిషీటు గడువు 180 రోజుల దాకా సాగుతుంది. అన్నిటికంటే బరువైనది 43డి సెక్షన్‌లోని ఐదో ఉపసెక్షన్. కేసు డైరీ, ఛార్జిషీటు చదివాక ఆరోపణ ప్రాథమికంగా నిజమేనని నమ్మడానికి సహేతుక కారణాలు కనిపిస్తే జడ్జి బెయిలు ఇవ్వకూడదు. కేసు డైరీ రాసేది పోలీసులు, ఛార్జిషీటు రాసేదీ పోలీసులే. 2019 ఏప్రిల్‌లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో సాక్ష్యాలను లోతుగా తూచి చూడకూడదని చెప్పింది. దాంతో నిందితుడి పక్షం చెప్పుకోవడానికి మిగిలింది చాలా తక్కువ. ఒక పక్షం రాసిన కాగితాలే చదివి, అవి నమ్మదగ్గవా కావా అని గట్టిగా అడగకుండా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, ఆ నిర్ణయం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

విచారణ ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ముగిసేట్టయితే దీన్ని కొంతవరకు సమర్థించవచ్చు. మన కోర్టుల్లో అలా జరగదు. 2018 నుంచి 2020 వరకు మూడేళ్లలో యూఏపీఏ కింద 4,690 మంది అరెస్టయ్యారనీ, 149 మందికి శిక్ష పడిందనీ కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. శిక్ష పడినవారు ఆ మూడేళ్లలో అరెస్టయినవారే కానక్కర్లేదు. అందుచేత ఈ రెండు అంకెల్ని నేరుగా భాగించి శాతం చెప్పడం సరికాదు. అయినా అరెస్టుల వేగానికి, తీర్పుల వేగానికి మధ్య ఎంత దూరముందో మాత్రం కనిపిస్తోంది.

విశాఖ వాసులకు బాగా గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయం లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి మీద ఒక యువకుడు కోడికత్తితో దాడి చేశాడు. దాడి బయట ఏ వీధిలోనో జరిగితే స్థానిక పోలీసులు చూసుకునే హత్యాయత్నం కేసు అయ్యేది. జరిగింది విమానాశ్రయంలో కాబట్టి 1982 నాటి పౌర విమానయాన భద్రతా చట్టం వర్తించింది. ఎన్‌ఐఏ దర్యాప్తు చేయగల చట్టాల జాబితాలో అదీ ఉంది కాబట్టి కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. ఆ చట్టంలోనూ బెయిలుకు కఠిన షరతు ఉంది. విచారణ విజయవాడ నుంచి విశాఖ ఎన్‌ఐఏ కోర్టుకు మారింది. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిలు ఇచ్చేనాటికి నిందితుడికి దాదాపు ఐదేళ్లు జైల్లోనే గడిచాయి, విచారణ మాత్రం ముగియలేదు. దాడి వెనుక ఎవరున్నారన్న రాజకీయ వాదనల సంగతి ఎలా ఉన్నా, ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. నేరం జరిగిన చోటు చట్టాన్ని మార్చింది, చట్టం దర్యాప్తు సంస్థను మార్చింది, రెండూ కలిసి జైల్లో ఉండే కాలాన్ని మార్చాయి. ఇంతకాలం కేసు తేలకపోవడం దాడికి గురైనవారికీ న్యాయం కాదు.

సుప్రీంకోర్టులో రెండు దారులు

ఈ సమస్యను సుప్రీంకోర్టు గుర్తించకపోలేదు. 2021 ఫిబ్రవరిలో నజీబ్ కేసులో నిందితుడు ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఇంకా 276 మంది సాక్షులను విచారించాల్సి ఉంది. త్వరగా విచారణ జరగడం, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కనీ, అది సాధ్యం కానప్పుడు 43డి ఆంక్ష కరిగిపోతుందనీ కోర్టు చెప్పింది. 2024 మేలో పుర్కాయస్థ కేసులో, యూఏపీఏ అరెస్టులోనూ కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని తేల్చింది. యూఏపీఏ నిందితుడిని కోర్టులో విచారించాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి; అదే ఏడాది ఆ అనుమతికి నిబంధనలు పెట్టిన గడువు పాటించి తీరాల్సిందేనని మరో తీర్పు వచ్చింది. సాక్ష్యాలు చూసిన స్వతంత్ర అధికారి ఏడు రోజుల్లో సిఫార్సు చేయాలి, ప్రభుత్వం మరో ఏడు రోజుల్లో నిర్ణయించాలి.

వీటి పక్కనే ఎదురు తీర్పులూ ఉన్నాయి. నిషేధిత సంస్థలో కేవలం సభ్యుడై ఉండటం నేరం కాదని 2011లో చెప్పిన కోర్టే 2023 మార్చిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2024 ఫిబ్రవరిలో ఒక ధర్మాసనం యూఏపీఏలో బెయిలు మినహాయింపేనంది. ఆగస్టులో మరో ధర్మాసనం ఇలాంటి చట్టాల్లోనూ బెయిలే నియమమంది. ఒకే చట్టం కింద, ఒకే రకం ఆరోపణతో వచ్చిన ఇద్దరికి ధర్మాసనాన్ని బట్టి ఫలితం మారుతున్నప్పుడు, కింది కోర్టు జడ్జి జాగ్రత్త పేరిట కఠినమైన దారినే ఎంచుకుంటారు. ఉగ్రవాద కేసులో బెయిలిచ్చి మాట పడేకంటే నిరాకరించడమే తేలిక.

ఫోన్లు వినడానికి అనుమతి ఎవరిది?

అరెస్టుకు ముందు దశ నిఘా. ఫోన్ ట్యాపింగ్ మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు పెట్టింది. ఇప్పుడు అమలులో ఉన్నవి 2023 టెలికాం చట్టం కింద వచ్చిన 2024 నాటి నిబంధనలు. కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి. అది 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఆ ఉత్తర్వును సమీక్షించే కమిటీకి కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు.

ఉత్తర్వు ఇచ్చేదీ ప్రభుత్వ అధికారే, సమీక్షించేదీ ప్రభుత్వ అధికారులే. ఎక్కడా జడ్జి లేరు. విన్న సంగతి కేసుగా మారకపోతే ఫోన్ యజమానికి ఎప్పటికీ తెలియదు, తెలియనిదాని మీద ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. 2017 పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, దాన్ని కత్తిరించాలంటే చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, కోత అవసరానికి తగినంతే ఉండాలి అన్నారు. అవసరానికి తగినంతేనా అని చూసే కన్ను ఎవరిదన్న ప్రశ్నకు ఈ నిబంధనల్లో సమాధానం లేదు.

కొలతకు తగ్గ ఆంక్ష: నేవీ కేసు

ఆంక్షలన్నీ తప్పు కావు. అవసరానికి తగ్గ ఆంక్ష ఎలా ఉంటుందో చూడాలన్నా విశాఖలోనే ఉదాహరణ దొరుకుతుంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం కేంద్ర సంస్థలతో కలిసి, ఊరికి కొండగుర్తైన డాల్ఫిన్ నోస్ పేరుతో ఒక ఆపరేషన్ చేపట్టింది. నౌకల కదలికలను పాకిస్తాన్‌కు చేరవేశారన్న ఆరోపణపై ఏడుగురు నావికులను, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసింది. సోషల్ మీడియాలో పరిచయాలు పెంచుకుని వల వేశారన్నది దర్యాప్తు సంస్థల కథనం. కేసు తర్వాత ఎన్‌ఐఏకు వెళ్లింది.

ఆ నెలలోనే నౌకాదళం తన సిబ్బందికి ఫేస్‌బుక్‌ను నిషేధించింది. నౌకల్లో, డాక్‌యార్డుల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను ఆపేసింది. ఇది స్వేచ్ఛ మీద ఆంక్షే. అయితే ఎవరికి, ఏ చోట, ఏ ముప్పు వల్ల అన్నవి స్పష్టంగా ఉన్నాయి. సాయుధ దళాల ప్రాథమిక హక్కులను పరిమితం చేయడానికి రాజ్యాంగం 33వ అధికరణంలో విడిగా వీలు కల్పించింది. డాక్‌యార్డు గేటు దగ్గర ఫోను ఆపడం వేరు, గేటు బయట ఊరందరి ఫోన్లనూ వినగలిగే అధికారం వేరు.

మత్స్యకారుల విషయంలోనూ ఇదే కొలత పనికొస్తుంది. ముంబై దాడులకు వచ్చినవారు పోరుబందరుకు చెందిన కుబేర్ అనే చేపల పడవను హైజాక్ చేశారు. ఆ తర్వాత దేశమంతా తీరంలో మెరైన్ పోలీసు స్టేషన్లు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు, పడవలకు రిజిస్ట్రేషన్లు, రాష్ట్రానికో రంగు వచ్చాయి. నౌకాదళ విన్యాసాలప్పుడు ఫలానా రోజుల్లో ఫలానా హద్దు లోపలికి వేటకు రావద్దంటే, ముందుగా చెబితే, జాలరిపేట వాళ్లు సర్దుకోగలరు. హద్దు, గడువు లేకుండా పడవలు కట్టేయమంటే వేట ఆగి, పూట గడవని పరిస్థితి వస్తుంది. తీరంలో కొత్త పడవ కనబడితే మొదట పసిగట్టేది వాళ్లే. వాళ్లను అనుమానితులుగా చూసిన రోజున తీరభద్రతకున్న కళ్లు మూసుకుపోతాయి.

దర్యాప్తు పాడైతే మిగిలేది

మన్యంలో ఈ లెక్క ఇంకా కఠినంగా సాగింది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజన నాయకులే. పోలీసు ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో అన్నలు, అన్నలకు సాయపడే మిలీషియా అన్న అనుమానంతో పోలీసులు వెంటపడుతుంటే గూడెం ప్రజలు ముందు నుయ్యి వెనుక గొయ్యిగా బతికారు.

వాకపల్లి కేసులో 2023లో కోర్టు విచారణ ఎదుర్కొన్న పోలీసులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. కానీ దర్యాప్తు నిష్పాక్షికంగా జరగలేదని తప్పుపట్టి, బాధిత మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పదహారేళ్ల తర్వాత వచ్చిన ఈ తీర్పు అసలు నిజాన్ని తేల్చలేదు. మహిళల మాట నిజమైతే వారికి న్యాయం దక్కలేదు. పోలీసులు నిర్దోషులైతే ఆ మచ్చ పోగొట్టుకునే అవకాశం వారికీ దక్కలేదు. మొదట్లోనే వేరే సంస్థ సరిగా దర్యాప్తు చేసి ఉంటే రెండు పక్షాలకూ మేలు జరిగేది.

ఎన్‌కౌంటర్ల మీద 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం, ప్రతి మరణానికీ ఎఫ్ఐఆర్ నమోదు కావాలనీ, ఆత్మరక్షణ కోసమే కాల్చారా అన్నది విచారణలో తేలాలనీ చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. అయితే 2014లో తానే 16 మార్గదర్శకాలు ఇచ్చింది: ఎఫ్ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందంతో దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ, వాడిన ఆయుధాలను పరీక్షకు అప్పగించడం, సంఘటన జరిగిన వెంటనే పదోన్నతులు ఇవ్వకపోవడం. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా మరణించిన ఎన్‌కౌంటర్ మీద వచ్చిన వాదనలకు జవాబు ఈ పద్ధతిలోనే దొరకాలి. హిడ్మా మీద ఎన్ని ఘోరమైన ఆరోపణలున్నా ఆ పద్ధతి మారదు. వచ్చే ఎన్‌కౌంటర్ మీద ప్రభుత్వం చెప్పే మాటను జనం నమ్మాలన్నా అదే ఆధారం.

ఇతర దేశాల ఏర్పాట్లు

బ్రిటన్‌లో ఉగ్రవాద అనుమానితుడిని అభియోగం మోపకుండా 14 రోజులకు మించి ఉంచకూడదు. ఒకప్పుడు ఈ గడువు 28 రోజులుండేది, 2011లో తగ్గించారు. ఉగ్రవాద చట్టాల అమలును పరిశీలించి నివేదికలిచ్చే స్వతంత్ర సమీక్షకుడు అక్కడ ఉన్నారు. ఆయనకు రహస్య పత్రాలు చూసే వీలుంది. అమెరికాలో 2001 తర్వాత పౌరులందరి ఫోన్ కాల్ వివరాలనూ గంపగుత్తగా సేకరించారు. ఆ కార్యక్రమం ఏ ఒక్క ఉగ్రవాద దర్యాప్తులోనూ నిర్దిష్టమైన తేడా తెచ్చిన దాఖలా కనిపించలేదని ప్రభుత్వమే నియమించిన గోప్యతా పర్యవేక్షణ బోర్డు 2014 జనవరిలో తేల్చింది. మరుసటి ఏడాది చట్టం మారింది. ఈ దేశాలూ తప్పులు చేశాయి, పెద్ద తప్పులే చేశాయి. కాకపోతే ఆ తప్పును లెక్కగట్టి బయటపెట్టే మనిషో సంస్థో చట్టంలోనే ఉంది. మన దగ్గర యూఏపీఏకు అలాంటి సమీక్షకుడు లేరు.

ఇక ముందు ఎస్పీ బల్లమీద

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 113వ సెక్షన్ కూడా ఉగ్రవాద చర్యను నేరంగా పేర్కొంది. నిర్వచనం దాదాపు యూఏపీఏదే. దీంతో ఒకే సంఘటనకు రెండు చట్టాలు సిద్ధంగా ఉన్నాయి. యూఏపీఏ కింద పెడితే బెయిలు 43డి గోడ దాటాలి, కానీ విచారణకు ప్రభుత్వ అనుమతి, దానికి ముందు స్వతంత్ర సిఫార్సు తప్పనిసరి. న్యాయ సంహిత కింద పెడితే ఆ గోడ లేదు, ఆ అనుమతి మెట్టూ లేదు.

ఏది పెట్టాలో నిర్ణయించేది ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి అని ఆ సెక్షన్‌కు ఇచ్చిన వివరణ చెబుతోంది. ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలో చెప్పలేదు. ఎంచుకున్న కారణం కాగితం మీద పెట్టాలనీ చెప్పలేదు. కేసు ఏ కోర్టుకు వెళ్లాలి, బెయిలు ఎంత దూరం, ఎన్నేళ్లు జైలు అన్నవన్నీ ఆ ఒక్క ఎంపిక మీద ఆధారపడుతున్నాయి. ఆ కారణాన్ని రాతలో పెట్టించి, మొదటి రిమాండు రోజునే మెజిస్ట్రేటు ముందుంచాలని ఒక్క నిబంధన చేర్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.